ఒక్క తప్పూ లేని కాగితం

గడియారాల కొట్టు పై వాటా,
జనవరి 9.

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం అందింది. పదిహేనేళ్ళ కాపురంలో నువ్వు ఈ ఆడపడుచుని అడిగిన మొదటి సాయం ఇంగ్లీషు పాఠాలు. ఇంకేది అడిగినా వెతుక్కోవాల్సి వచ్చేది. ఇది మాత్రం ముప్ఫై నాలుగేళ్ళ నిల్వ, రిటైరయ్యాక అడిగే దిక్కు లేక మూలుగుతోంది.

ఫోన్లో చెప్పించుకునే ఆశ వదులుకో. కింద కొట్లో గడియారాలన్నీ ఒక్కసారి గంట కొట్టినా నాకు తెలియడం లేదు. నాకు ఫోన్ చెయ్యడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే, ఆ సామెత నా కోసమే పుట్టింది. ఉత్తరాలే రాసుకుందాం. ఇంటర్వ్యూ నోటితోనే కాబట్టి స్పెల్లింగుల జోలికి పోవద్దు. ఇంగ్లీషు వాక్యాలైనా తెలుగు అక్షరాల్లోనే రాయి.

ఆసుపత్రి ఎంక్వయిరీ కౌంటర్లో కూర్చుని వచ్చినవాళ్ళకి దారి చెప్పే ఉద్యోగం, ఇంట్లో తోచక వెళ్దామనుకుంటున్నానన్నావు. బాగుంది. దారి చెప్పేవాళ్ళకి పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు, చిన్న మాటల జోళ్ళు కావాలి. మనం "తలుపు వెనకే" అంటాం. ఆ చివరి ఏకారంలోనే ఉంది పసంతా. పాపం, ఇంగ్లీషువాళ్ళకి ఆ ఏకారం లేదు. అందుకని ముందో మాట తగిలిస్తారు: "రైట్ బిహైండ్ ద డోర్." "కాస్త దాటాక" అనాలంటే "జస్ట్ పాస్ట్". "తిన్నగా వరండా వెంట" అంటే "స్ట్రెయిట్ డౌన్ ద కారిడార్". "సగం మెట్లెక్కాక" అంటే "హాఫ్‌వే అప్ ద స్టెయిర్స్". ముందు ఎంత, ఎటు అన్న మాట, దాని వెనక చోటు. ఈ జోడు నాలికకి అలవాటైతే సగం ఇంగ్లీషు వచ్చినట్టే.

ఇంట్లో ఏది ఎక్కడుందో, ఎవరెక్కడున్నారో కొన్ని వాక్యాలు రాసి పంపు. ఒక్కొక్క దాని కింద తెలుగు అర్థం కూడా రాసుకో. అది నీకోసం, నేను చూడను.

అసలు నేను విషయమే చదవనని నీకు ముందే చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఒక పిల్ల వ్యాసంలో వాళ్ళింటి రహస్యం రాసింది. ఇంగ్లీషు మరీ వంకరగా ఉందని స్టాఫ్‌రూమ్‌లో చదివి వినిపించాను. అందరం నవ్వాం. ఆ మాట ఎలా పాకిందో పిల్ల చెవిన పడింది, మర్నాటినుంచి బడికి రాలేదు. అప్పుడు ఒట్టు పెట్టుకున్నాను. ఎవరు ఏం రాసినా నా కళ్ళు తప్పుల మీదే తిరుగుతాయి. కాబట్టి నిజమే రాయి, అబద్ధమే రాయి, నాకు ఒకటే. నీ కాగితాలు మాత్రం నా దగ్గరే వరసగా పెడతాను, ఎంతవరకు వచ్చావో తెలియాలి కదా.

తమ్ముడు ఎలా ఉన్నాడు? వాడికి చేతులు లిఫ్టులు బాగుచెయ్యడానికే ఇచ్చాడా దేవుడు? నాలుగు ముక్కలు రాయడానికి పనికిరావా?

నీ పంతులమ్మ వదిన.

~

ఆరో అంతస్తు, చివరి వాటా,
జనవరి 20.

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మేము క్షేమం. మీ తమ్ముడు కొన్నాళ్ళు సెలవు పెట్టారు. చాలా ఏళ్ళుగా తీసుకోలేదు కదా. మీరు అడిగారని చెప్పాను. తర్వాత రాస్తానన్నారు.

ఇక్కడ విశేషాలేం లేవు. ఎదురింటివాళ్ళు ఖాళీ చేసి వెళ్ళారు. పై అంతస్తులో ఎవరూ లేరు, మా నెత్తి మీద డాబాయే. రోజూ పది గంటలకల్లా పని అయిపోతుంది. ఆ తర్వాత కాగితం ముందు పెట్టుకుంటున్నాను.

ద డస్ట్‌బిన్ ఈజ్ రైట్ అవుట్‌సైడ్ ద కిచెన్.
చెత్తబుట్ట వంటింటి బయటే ఉంది.

హిజ్ టూల్ బ్యాగ్ ఈజ్ బిహైండ్ రైట్ ద డోర్.
ఆయన పనిముట్ల సంచి తలుపు వెనకే ఉంది.

మై హస్బెండ్ ఈజ్ ఇన్ స్టిల్ బెడ్.
మా ఆయన ఇంకా పక్క మీదే ఉన్నారు.

హి లుక్స్ స్ట్రెయిట్ టు ద వాల్.
ఆయన తిన్నగా గోడకేసే చూస్తారు.

ఇంగ్లీషులో రాస్తుంటే ఒక సుఖం ఉంది వదినగారూ. ఈ మాటలు నాకేమీ కావు. మంచం అంటే మా మంచం గుర్తొస్తుంది. బెడ్ అంటే ఏదీ రాదు.

మీ మరదలు.

~

గడియారాల కొట్టు పై వాటా,
ఫిబ్రవరి 2.

అమ్మాయ్,

మొదటిసారికి బాగానే రాశావు. నలభైకి దగ్గరపడ్డాక మొదలుపెట్టినదానివి, మానై వంగుతున్నావు. ఇక తప్పులు చూద్దాం.

సంచి వాక్యంలో జోడు తలకిందులైంది. "రైట్" ముందు, "బిహైండ్" తర్వాత. దూడ ముందు, పలుపు వెనక అయితే దూడ నిలవదు. "స్టిల్"ని "ఇన్"కీ "బెడ్"కీ మధ్య ఇరికించావు. అది ముందుకి రావాలి: "స్టిల్ ఇన్ బెడ్." చదువు, గట్టిగా చదువు. "స్టిల్ ఇన్ బెడ్, స్టిల్ ఇన్ బెడ్." ఇరవైసార్లు అంటే ఇక జన్మలో మర్చిపోవు. గోడకేసి చూడటానికి "టు" చాలదు, "ఎట్" కావాలి. "స్ట్రెయిట్ ఎట్ ద వాల్."

మొదటి వాక్యంలో వంక పెట్టడానికేం లేదు.

ఇప్పుడు ఇంకో మెట్టు. వాళ్ళు చోటు చెప్పేముందు దిక్కు కూడా చెబుతారు. మనిషి డాబా మీద ఉంటే ఒట్టి "ఆన్ ద రూఫ్" అని ఊరుకోరు, "అప్ ఆన్ ద రూఫ్" అంటారు. గుంటలో ఉంటే "డౌన్ ఇన్ ద పిట్". బాల్కనీలో ఉంటే "అవుట్ ఆన్ ద బాల్కనీ". కిటికీ పక్కనుంటే "ఓవర్ బై ద విండో". దిక్కు లేకపోయినా అర్థమవుతుంది. కానీ ఉంటే మనిషి కళ్ళకి కడతాడు. ఆసుపత్రికి వచ్చేవాళ్ళు కంగారుగా ఉంటారు, వాళ్ళకి కళ్ళకి కట్టేలా చెప్పాలి. పైకీ కిందకీ కదిలే వాక్యాలు కొన్ని రాసి పంపు.

తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు కదా, వాడి చేత ఓ కార్డు ముక్క రాయించు. వాణ్ణి చేతుల మీద పెంచి, కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది నేను. ఆ చేత్తో నాకు రాయడానికి బరువా?

మీ వదిన.

~

ఆరో అంతస్తు, చివరి వాటా,
ఫిబ్రవరి 15.

వదినగారికి నమస్కారాలు.

క్షేమం. కార్డు సంగతి చెప్పాను. సరేనన్నారు. కార్డు తెచ్చి బల్ల మీద పెట్టాను. అక్కడే ఉంది.

ఆయన సెలవు పొడిగించుకున్నారు. వాళ్ళ ఆఫీసునుంచి ఇద్దరు వచ్చి కాసేపు కూర్చుని వెళ్ళారు. టీ ఇచ్చాను. కప్పులు అలాగే మిగిలిపోయాయి.

పైకీ కిందకీ కదిలేవి రాయమన్నారు. రాశాను.

ద లిఫ్ట్ వాజ్ హాఫ్‌వే బిట్వీన్ టూ ఫ్లోర్స్.
లిఫ్టు రెండు అంతస్తులకీ సగం దారిలో ఉంది.

మై హస్బెండ్ వాజ్ అప్ ఆన్ టాప్ ఆఫ్ ద లిఫ్ట్.
మా ఆయన లిఫ్టు పైన ఎక్కి ఉన్నారు.

ద స్విచ్ వాజ్ రైట్ ఇన్ హిజ్ హ్యాండ్.
స్విచ్చి ఆయన చేతిలోనే ఉంది.

ద అదర్ మెకానిక్ వాజ్ రైట్లీ అండర్ ద లిఫ్ట్.
రెండో మెకానిక్ సరిగ్గా లిఫ్టు కిందే ఉన్నాడు.

ద లిఫ్ట్ వెంట్ డౌన్ స్ట్రెయిట్ టు ద పిట్.
లిఫ్టు తిన్నగా గుంటలోకి దిగిపోయింది.

హి ఈజ్ స్టిల్ అప్ దేర్.
ఆయన ఇంకా అక్కడ పైనే ఉన్నారు.

ఈసారి రాయడానికి రెండు గంటలు పట్టింది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. చూస్తూనే ఉన్నాను, లేవాలనిపించలేదు.

మీ మరదలు.

~

గడియారాల కొట్టు పై వాటా,
ఫిబ్రవరి 27.

అమ్మాయ్,

లిఫ్టు మెకానిక్ పెళ్ళామనిపించుకున్నావు. పైకీ కిందకీ అంటే లిఫ్టుని మించింది ఏముంది? ఆ తెలివి నాకు తట్టనే లేదు.

"రైట్లీ" చూసి మాత్రం ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. అమ్మా తల్లీ, "రైట్లీ" అంటే "న్యాయంగా" అని అర్థం! ఆ మెకానిక్ న్యాయంగా లిఫ్టు కింద ఉన్నాడంటే విన్నవాళ్ళు ఏమనుకుంటారు? చేసుకున్నవాడికి చేసుకున్నంత అన్నట్టు లేదూ? తోక తగిలించడం మనవాళ్ళందరికీ ఉన్న జబ్బే. "రైట్ అండర్ ద లిఫ్ట్" అంటే చాలు. "రైట్" తోక లేకుండానే సరిగ్గా పని చేస్తుంది. ముప్ఫై నాలుగేళ్ళలో ఈ "లీ" తోకలు కత్తిరించీ కత్తిరించీ నా వేళ్ళు అరిగాయి.

గుంటలోకి దిగడానికి "టు" కాదు, "ఇంటు". "స్ట్రెయిట్ డౌన్ ఇంటు ద పిట్" అని మూడూ వరసగా పడితే వినడానికే ఎంత బాగుందో చూడు.

ఆఖరి వాక్యం ముత్యంలా ఉంది. "స్టిల్ అప్ దేర్." పొట్టిది, గట్టిది. ఇలాంటివి రాయగలిగితే ఇంటర్వ్యూకి భయపడక్కర్లేదు. ఎప్పుడన్నావు, ఏప్రిల్లో కదూ?

కార్డు ఇంతవరకు రాలేదు. వాడికి నా మీద కోపమేమోనని ఆలోచించాను. పోయినేడు కళ్ళజోడు మార్చుకోమని నలుగురిలో గదిమాను, దానికా? అలిగితే అలిగాడని చెప్పమను, బతిమాలుకుంటాను. ఒంటిగా ఉన్నదాన్ని, నాకు మాత్రం వాడు తప్ప ఎవరున్నారు?

అంచులూ గుమ్మాలూ, అంటే ఈ చోటుకీ ఆ చోటుకీ మధ్య ఉండేవి రాయి ఈసారి. దారి చెప్పేవాళ్ళు తడబడేది అక్కడే.

మీ వదిన.

~

ఆరో అంతస్తు, చివరి వాటా,
మార్చి 10.

వదినగారికి,

మీ మీద కోపం లేదు ఆయనకి. ఎవరి మీదా లేదు. ఆ మాట నేను గట్టిగా చెప్పగలను.

నేను బాగానే ఉన్నాను. మొన్న చెయ్యి కాలింది. పెద్దదేం కాదు. పెనం పట్టుకున్నాక కాసేపటికి గాని తెలియలేదు.

హి ఈజ్ అవుట్ ఆన్ ద బాల్కనీ ఆల్ డే.
రోజంతా బాల్కనీలోనే ఉంటున్నారు.

హి స్టాండ్స్ రైట్ ఇన్ ద ఎడ్జ్.
సరిగ్గా అంచునే నిలబడతారు.

హి లుక్స్ స్ట్రెయిట్ డౌన్ ఎట్ ద రోడ్.
తిన్నగా కింద రోడ్డుకేసే చూస్తారు.

ఐ సిట్ జస్ట్ ఇన్‌సైడ్ ఆఫ్ ద డోర్‌వే.
నేను గుమ్మానికి కాస్త లోపలగా కూర్చుంటాను.

ఐ నెవర్ గో ఫార్ ఎవే ఫ్రమ్ హిమ్.
ఆయనకి దూరంగా ఎప్పుడూ వెళ్ళను.

ఈసారి ఇంతే వచ్చాయి.

మీ మరదలు.

~

గడియారాల కొట్టు పై వాటా,
మార్చి 20.

అమ్మాయ్,

చెయ్యి కాలిందా? మందు రాసుకో, అశ్రద్ధ చెయ్యకు. పెనం ముందు నిలబడి వాక్యాలు వల్లెవేస్తున్నావు కాబోలు. నేనూ ఇంత రాక్షసి పంతులమ్మని అనుకోలేదు.

అంచు దగ్గర నువ్వూ పడ్డావు, అందరూ పడేదే. అంచులో ఎవరూ ఉండరు. అది పెట్టె కాదు, గది కాదు, లోపలికి వెళ్ళడానికి. అంచు దగ్గర ఉంటారు. కాబట్టి "ఎట్": "రైట్ ఎట్ ద ఎడ్జ్." గుమ్మం వాక్యంలో "ఆఫ్" ఎందుకు? తీసెయ్. "జస్ట్ ఇన్‌సైడ్ ద డోర్‌వే", అంతే. మిగిలినవి బాగున్నాయి. "స్ట్రెయిట్ డౌన్ ఎట్ ద రోడ్" ఎంత సహజంగా పడిందో! మాట వింటుంటే చూపు కూడా కిందకి పోతోంది.

అయితే అంచు ఇంకా నీకు పూర్తిగా పట్టుబడలేదు. ఇలాంటివే, అంచు మీదవీ గోడల మీదవీ ఇంకో పది రాసి పంపు. చేతికి వస్తుంది.

నా సంగతంటావా, ఈ వయసులో ఈ పాఠాలు నన్ను నిలబెడుతున్నాయి. నీ కాగితం వచ్చిన రోజు పొద్దున్నే తల దువ్వుకుని, ఎర్ర పెన్ను కడిగి కూర్చుంటున్నాను. కింద కొట్టతను నవ్వుతున్నాడు.

మీ వదిన.

~

ఆరో అంతస్తు,
మార్చి 27.

వదినగారికి,

పది రాయమన్నారు. ఏడే వచ్చాయి.

హి గోస్ స్ట్రెయిట్ అప్ టు ద రూఫ్ ఎవ్రీ మార్నింగ్.
పొద్దున్నే తిన్నగా డాబా మీదికి వెళ్ళిపోతారు.

ఐ వాక్ జస్ట్ బిహైండ్ హిమ్.
నేను ఆయన వెనకే నడుస్తాను.

ఆన్ ట్యూజ్‌డే ఐ వాజ్ స్టిల్ ఆన్ ద స్టెయిర్స్.
మంగళవారం నేనింకా మెట్ల మీదే ఉన్నాను.

హి వాజ్ హాఫ్‌వే ఓవర్ ద వాల్.
ఆయన అప్పటికే సగం పిట్టగోడ దాటారు.

ఐ పుల్డ్ హిమ్ బ్యాక్ బై ద షర్ట్.
చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను.

నౌ హి ఈజ్ బ్యాక్ ఇన్ బెడ్.
ఇప్పుడు మళ్ళీ పక్క మీదే ఉన్నారు.

ఐ యామ్ ఆల్ ఎలోన్ అప్ హియర్ విత్ హిమ్.
ఇక్కడ పైన ఆయనతో నేనొక్కదాన్నే ఉన్నాను.

మీ మరదలు.

~

బస్ స్టేషన్, మూడో నంబరు బెంచీ,
మార్చి 31.

అమ్మా,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను. వచ్చాక నీ చేతికిస్తాను. నేను నోటితో మాట్లాడితే అరుపులా ఉంటుంది, నాకు తెలుసు. ఇవన్నీ వాడు వినకూడదు.

ఇవాళ పొద్దున్న నీ కాగితం వచ్చింది. ఎర్ర పెన్ను పట్టుకుని మొదటి వాక్యం చూశాను. తప్పు లేదు. రెండోది చూశాను. లేదు. ఏడూ చూశాను. ఎక్కడా ఒక్క గీత పెట్టడానికి లేదు. చేతిలో పెన్ను ఉంది, చెయ్యడానికి పని లేదు. ఏం చెయ్యాలో తోచక మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను, ఊరికే, కళ్ళు ఎటో అటు పోవాలి కాబట్టి. అప్పుడు చదివాను.

తర్వాత నీ పాత కాగితాలు తీసి బల్ల మీద పరిచాను. పక్క మీద ఉన్నాడు. గోడకేసి చూస్తున్నాడు. లిఫ్టు పైన ఉన్నాడు, స్విచ్చి చేతిలో ఉంది, కింద మనిషి ఉన్నాడు. బాల్కనీ అంచున ఉన్నాడు. మూడు నెలలుగా నా తమ్ముడు ఎక్కడున్నాడో నువ్వు అంగుళాలతో సహా రాస్తూనే ఉన్నావు. నేను తోకలు కత్తిరిస్తూ కూర్చున్నాను. ఆ చచ్చిపోయిన మనిషి మీద పరాచికాలాడాను. అంచు బాగా పట్టుబడాలి, ఇంకో పది రాయమన్నాను. ఆ మాట ఈ చేత్తో రాశాను. అది రాసిన రోజున మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాను కూడా.

ఎప్పుడో ఒక పిల్లని ఏడిపించానని, ఇక ఎవరి సంగతీ చదవనని ఒట్టు పెట్టుకున్నాను. అదేదో గొప్ప నియమమనుకున్నాను. నా చెవులు పోయింది మొన్న మొన్న. కళ్ళు ఆనాడే పోయాయి.

కొట్టతను నీకు ఫోన్ చేశాడు కదా. డాబా తలుపుకి తాళం వేయించమన్నాను, కింది వాటా ఆవిణ్ణి వచ్చి కూర్చోమని అడగమన్నాను, వాణ్ణి నువ్వు ఉద్యోగానికి వెళ్దామనుకున్న ఆ ఆసుపత్రికే తీసుకెళ్ళమన్నాను. అన్నిటికీ నువ్వు "సరే" అన్నావని కాగితం మీద రాసి చూపించాడు. ఇంకేమైనా అందా అని అడిగాను. లేదన్నాడు.

బస్సు ఇంకో గంటకి. పక్కనున్నాయన బస్సు పిలిచినప్పుడు నా భుజం తడతానన్నాడు.

మీ వదిన.

~

ఆరో అంతస్తు, చివరి వాటా,
జూన్ 6.

వదినగారికి నమస్కారాలు.

మీరు వెళ్ళి పది రోజులైంది. మీరు సర్ది వెళ్ళిన అలమర అలాగే ఉంచాను. ఆయన మాత్రలు పొద్దున్న ఒకటి, రాత్రి రెండు వేసుకుంటున్నారు. డాక్టరు వారం వారం రమ్మన్నారు. తొందరపడొద్దు, ఇది నెలల పని అన్నారు. నిద్ర పడుతోంది. గురువారం తనంతట తనే గడ్డం గీసుకున్నారు. లిఫ్టు మాత్రం ఎక్కరు. ఆరు అంతస్తులూ దిగి, ఎక్కుతున్నారు. నేను వెనక నడిస్తే, మోకాళ్ళు నొప్పి కదా, నువ్వు లిఫ్టులో రా అన్నారు. ఏడు నెలల్లో నాకేం నొప్పో ఆయన అడగడం అదే మొదటిసారి.

మీరు ఆయన్ని ఆ మెకానిక్ ఇంటికి తీసుకెళ్ళిన రోజు గురించి నేనేమీ మాట్లాడలేదు. నేను వెళ్ళొద్దన్నాను, మీరు వినలేదు. వినపడలేదేమో కూడా. అతని భార్య తలుపు తీసి ఆయన్ని చూసి తిడుతుందనుకున్నాను. తిట్టింది. ఇన్నాళ్ళు ఎందుకు రాలేదని తిట్టింది. బ్రేకు అరిగిపోయి లిఫ్టు దానంతటదే జారిందని విచారణలో తేలిందట. ఆ కాగితం వాళ్ళింటికి డిసెంబరులోనే వచ్చింది. మాకూ వచ్చే ఉంటుంది. ఆ రోజుల్లో వచ్చిన కవర్లేవీ మేము విప్పలేదు. విప్పినా ఆయన నమ్మేవారు కాదనుకోండి. ఆవిడ నోటినుంచి విన్నాక కూడా పూర్తిగా నమ్మలేదు. కానీ ఆ రోజు అక్కడ మంచినీళ్ళు అడిగి తాగారు.

నాకు ఉద్యోగం వచ్చింది. ఏప్రిల్లో వెళ్ళలేకపోయిన ఇంటర్వ్యూకి మీరు వెళ్ళాక మళ్ళీ పిలిచారు. ఇంటర్వ్యూలో ఒకాయన, రక్తపరీక్ష గది ఎక్కడుందో తను రోగి అనుకుని చెప్పమన్నారు. మెట్లు సగం ఎక్కగానే మలుపు ఉంది, దాన్ని కాస్త దాటాక, ఎడమవైపు తలుపు పక్కనే అని చెప్పాను. మీరు నేర్పిన జోళ్ళన్నీ వాటంతటవే వచ్చాయి. ఆయన లేచి వెళ్ళి చూసి వచ్చారు. ఉందన్నారు. సోమవారంనుంచి రమ్మన్నారు. నేను వెళ్ళే వేళకి కింది వాటా ఆవిడ వచ్చి కూర్చుంటోంది.

మీరు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఒక మాట అడిగారు. మార్చి ఆఖర్లో నీ ఇంగ్లీషు ఒక్కసారిగా అంత ఎలా బాగుపడింది అని. ఆయన పక్కనే ఉన్నారు. అందుకని నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతాను.

ప్రమాదం జరిగిన రాత్రి ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నారు. "అక్క నన్ను మనిషిని చేసింది. నేను మనిషిని చంపానని అక్కకి తెలియకూడదు" అన్నారు. మీకు నోటితో గాని, ఉత్తరంలో గాని చెప్పనని మాటిచ్చాను. మీరేమో పాఠాల కాగితంలో విషయం చదవనన్నారు. అందులో రాస్తే ఎవరికో చెప్పుకున్నట్టూ ఉంటుంది, మీకు చెప్పినట్టూ కాదు.

మొదటి కాగితంలో తప్పులు నిజం తప్పులే. అవి దిద్ది పంపాక నాకు అర్థమైపోయింది. రెండో కాగితంనుంచి వాక్యాలన్నీ సరిగ్గానే వచ్చేవి. రాశాక మళ్ళీ కూర్చుని తప్పులు పెట్టేదాన్ని. తప్పు ఉంటే మీ కళ్ళు దాని మీదే ఆగుతాయని తెలుసు. ఆ మెకానిక్ గురించి రాసిన వాక్యంలోనే అన్నిటికంటే పెద్ద తప్పు పెట్టాను. మీరు దాని మీద అర పేజీ రాశారు, ఆ మనిషి గురించి ఒక్క మాట అడగలేదు. నేననుకున్నట్టే జరిగింది. అప్పుడు నాకు బాధ వెయ్యలేదు, ఊరట కలగలేదు. ఏమీ అనిపించలేదు.

మార్చిలో ఆ ఏడు వాక్యాలూ రాశాక కూడా ఎప్పటిలాగే తప్పులు పెట్టడానికి కూర్చున్నాను. చొక్కా లాగినప్పటినుంచి చెయ్యి పీకుతోంది. పోస్టు డబ్బా తీసే వేళవుతోంది. ఏ వాక్యంలో ఏ తప్పు పెట్టాలో కాసేపు చూశాను. నాకు ఓపిక లేకపోయింది. అలాగే కవర్లో పెట్టేశాను. మీరు చదవాలని మాత్రం కాదు వదినగారూ, అంత దూరం ఆలోచించలేదు. ఒట్టి ఓపిక లేక.

ఈ పది రోజులుగా అదే తలుచుకుంటున్నాను. ఆ పూట నాకు ఇంకాస్త ఓపిక ఉండి ఉంటే రెండు తప్పులు పెట్టేదాన్ని. మీరు దిద్ది పంపేవారు. నేను ఇంకో పది రాయడానికి కూర్చునేదాన్ని. నిన్న కౌంటర్లో ఒకావిడకి దారి చెబుతుంటే ఆ సంగతి గుర్తొచ్చి మాట మధ్యలో ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ కంగారుపడి నాకే కుర్చీ జరిపింది. నవంబరునుంచి ఇప్పటిదాకా నాకు ఏడుపు రావడం అదే మొదలు.

మీ మరదలు.